అడిగి వెళ్ళినవాళ్ళ లెక్క

కొన్నవాళ్ళ లెక్క రాయడం మన వ్యాపారులకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఏ రోజు అమ్మకం ఆ రోజు చిట్టాకెక్కుతుంది. చిట్టాలోంచి ఆవర్జాకి వెళ్తుంది. ఎవరి పేరున ఎంత బాకీ ఉందో ఆవర్జా తిరగేస్తే తెలిసిపోతుంది. ఇప్పుడా పని చాలాచోట్ల ట్యాలీ అనే సాఫ్ట్‌వేర్ చేస్తోంది. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక బిల్లుల లెక్క కంప్యూటర్లో ఉంచక తప్పని పరిస్థితీ వచ్చింది. అరువు పద్దులు రాసుకోడానికి సెల్‌ఫోన్లో యాప్‌లున్నాయి. మరి కొట్టుకొచ్చి, ధర అడిగి, కాస్త బేరమాడి, "ఇంట్లో ఓ మాట అనుకుని వస్తామండీ" అంటూ వెళ్ళిపోయినవాళ్ళ లెక్క ఎక్కడుంటోంది? యజమాని బుర్రలో కొంత, గుమాస్తా వాట్సాప్‌లో కొంత, గోడకి వేలాడే కేలండరు మీద కొంత. అంటే ఎక్కడా లేనట్టే.

ఆ లెక్క రాసిపెట్టి, ఎవరికి ఎప్పుడు మళ్ళీ ఫోన్ చేయాలో గుర్తుచేసే సాఫ్ట్‌వేర్ ఉంది. దాని పూర్తిపేరు కస్టమర్ రిలేషన్‌షిప్ మేనేజ్‌మెంట్. అందరూ సీఆర్ఎం అంటారు. పెద్ద కంపెనీలకు ఇది పాత సంగతే. 1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన సేల్స్‌ఫోర్స్ దీన్ని ఇంటర్నెట్ మీద అద్దెకివ్వడంతోనే అంత పెద్ద సంస్థ అయింది. ఆ అద్దె తలసరి అద్దె. మీ కొట్లో ఎంతమంది దాన్ని తెరిస్తే అన్ని తలలకీ నెలనెలా కట్టాలి. తలకి వెయ్యి రూపాయలనుకుంటే ఐదుగురున్న దుకాణానికి ఏడాదికి అరవై వేలు. మరో కుర్రాణ్ణి పనిలో పెట్టుకోవాలంటే వాడి జీతంతో పాటు దీన్నీ లెక్కేసుకోవాలి.

ఇదే పని చేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. వాటి గురించే ఈ ప్రసంగం. చిన్న వ్యాపారానికి వాటితో ఒరిగేదేమిటో, వాటి వెనకుండే తిప్పలేమిటో రెండూ చెప్పుకుందాం.

కిరాణా కొట్టుకి దీనితో పనిలేదు. వచ్చినవాళ్ళు ఉప్పో పప్పో కొనుక్కుని వెళ్తారు. మర్నాడు ఫోన్ చేసి "నిన్నటి కందిపప్పు సంగతి ఏం ఆలోచించారండీ" అని ఎవరం అడగం. బేరం తెగడానికి రోజులో నెలలో పట్టే వ్యాపారాలకే సీఆర్ఎం. బోరు మోటార్లు అమ్మేవాళ్ళు, ఇంటీరియర్ పనులు చేసేవాళ్ళు, పెళ్ళిళ్ళకు వంటలు ఒప్పుకునేవాళ్ళు, కోచింగ్ సెంటర్లు, ట్రాక్టర్ డీలర్లు, ఇలాంటివన్నమాట. ఈ మధ్య మన రెండు రాష్ట్రాల్లో ఏ పట్టణానికి వెళ్ళినా బోర్డు కనిపిస్తున్న వ్యాపారం ఇంకొకటుంది. ఇంటి కప్పు మీద సోలార్ పలకలు బిగించడం. దాన్నే తీసుకుని చూద్దాం.

2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్య ఘర్ పథకం మొదలుపెట్టింది. కోటి ఇళ్ళ మీద పలకలు పెట్టించాలన్నది లక్ష్యం. ఒక కిలోవాట్‌కి ముప్ఫై వేలు, రెండు కిలోవాట్లకి అరవై వేలు, మూడు కిలోవాట్లు, ఆపైన ఎంతైనా 78 వేలు సబ్సిడీ. దాంతో అడిగేవాళ్ళు పెరిగారు, బిగించే చిన్న సంస్థలూ పెరిగాయి. ఓ పట్టణంలో అలాంటి దుకాణం ఒకటి ఉందనుకోండి. యజమాని, ఆఫీసులో ఫోన్లెత్తే అమ్మాయి, ఊళ్ళు తిరిగొచ్చే ఇద్దరు కుర్రాళ్ళు, పలకలు బిగించే మేస్త్రీలు. అంతే సిబ్బంది.

ఒక ఇంటాయన ఫోన్ చేశాడంటే పని అక్కడితో మొదలవుతుందంతే. ఎవరో ఒకరు వెళ్ళి కప్పు కొలుచుకుని, కరెంటు బిల్లు ఫొటో తీసుకుని, పక్కింటి కొబ్బరిచెట్టు నీడ ఏ వేళకి ఎటు పడుతుందో చూసి రావాలి. కొటేషన్ ఇవ్వాలి. ఆయన ఒప్పుకుంటే జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టించాలి. కరెంటు పంపిణీ చేసే డిస్కం నుంచి అనుమతి, అవసరమైతే బ్యాంకు లోను, తర్వాత బిగింపు, నెట్ మీటరు, తనిఖీ. ఆఖరికి సబ్సిడీ ఆయన ఖాతాలో పడేదాకా "ఇంకా రాలేదేమండీ" అన్న ఫోన్లు మీకే వస్తాయి, ఇచ్చేది ప్రభుత్వమైనా. ఇలాంటి బేరాలు ఒకేసారి అరవయ్యో డెబ్భయ్యో నడుస్తుంటాయి. ఒకటి కొలతల దగ్గర, ఒకటి బ్యాంకు దగ్గర, ఒకటి మీటరు దగ్గర ఆగి ఉంటాయి. ఏది ఎక్కడ ఆగిందో ఒక్కరి బుర్రలో నిలవడం కష్టం.

సీఆర్ఎం తెరిస్తే ఈ దశలన్నీ తెర మీద పక్కపక్కనే నిలువు వరసలుగా కనిపిస్తాయి. ప్రతి బేరం ఒక చీటీ. పని ముందుకు జరిగినప్పుడల్లా చీటీని పక్క వరసలోకి లాగుతారు. చీటీ మీద నొక్కితే ఆ ఇంటాయనతో ఎవరు ఎప్పుడు ఏం మాట్లాడారో, ఏ కొటేషన్ ఇచ్చారో, ఎంత తగ్గిస్తామన్నారో అన్నీ ఒకచోట ఉంటాయి. ఇరవై రోజులుగా ఒకే వరసలో కదలకుండా పడి ఉన్న చీటీలు ఎన్నున్నాయో చూసుకుంటే, మీకు వ్యాపారం తగ్గిందో, మీరే పట్టించుకోలేదో తేలిపోతుంది.

ఇంకో సంగతి. మన దగ్గర కొనేవాళ్ళు మొహమాటానికి కాదనరు. "చూద్దాంలెండి" అంటారు. "ఆషాఢం వెళ్ళనివ్వండి" అంటారు. "పంట డబ్బు చేతికి రానీండి" అంటారు. ఇవి సాకులైనా కావచ్చు, నిజాలైనా కావచ్చు. శ్రావణ మాసం రాగానే ఆయనకు ఫోన్ చేయాలన్న తేదీ సీఆర్ఎంలో వేసి ఉంటే, ఆ ఉదయం ఆఫీసు అమ్మాయి తెరమీద ఆయన పేరు వస్తుంది. పోటీ దుకాణంవాళ్ళు చేసేలోపు మీరు చేస్తారు. ఈ సాఫ్ట్‌వేర్లలో ఎన్ని హంగులున్నా, చిన్న వ్యాపారానికి డబ్బు తెచ్చిపెట్టేది ఈ ఒక్క గుర్తుచేయడమేనని నా అభిప్రాయం. తక్కిన రంగురంగుల గ్రాఫులు అమ్మేవాళ్ళు డెమోలో చూపించుకోడానికి బాగుంటాయి.

మనుషులు మానేయడం కూడా ఉంది కదా. ఏడాదిపాటు ఊళ్ళన్నీ తిరిగిన కుర్రాడు ఒకరోజు పక్క వీధిలో సొంత బోర్డు పెట్టుకుంటాడు. తప్పేమీ లేదు, మన యజమాని కూడా ఒకప్పుడు అలా పెట్టుకున్నవాడే. కానీ ఆ కుర్రాడి సెల్‌ఫోన్‌తో పాటు రెండు మూడు వందల మంది పేర్లు వెళ్ళిపోతాయి. పేర్లు దుకాణం పుస్తకంలో ఉంటే మనిషి వెళ్ళినా పుస్తకం మిగులుతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ అద్దె సాఫ్ట్‌వేర్ కూడా చేస్తుంది. ఓపెన్ సోర్స్ తేడా ఎక్కడంటే, దాని లోపలి ప్రోగ్రాం మొత్తం, అంటే సోర్స్ కోడ్, ఎవరైనా తీసుకుని చదవొచ్చు, తమకు తగ్గట్టు మార్చుకోవచ్చు, తమ సర్వర్లో పెట్టుకోవచ్చు. ఈ మార్చుకోవడమనేది మనకు ఎంత అవసరమో పేర్ల దగ్గరే తెలిసిపోతుంది.

అమెరికాలోనో యూరప్‌లోనో తయారైన సీఆర్ఎంలో మనిషి పేరుకి రెండు గళ్ళుంటాయి. ముందు పేరు, చివర కుటుంబం పేరు. చాలావాటిలో చివరి గడి నింపకపోతే ముందుకు పోనివ్వదు. మన ఇంటిపేరు ముందుంటుంది, అది కూడా ఒక్క అక్షరంగా. కె. వెంకటేశ్వరరావు గారిని ఆ గళ్ళలో ఎలా ఎక్కిస్తారు? ఒకమ్మాయి కె అన్న అక్షరాన్ని మొదటి గడిలో పెడుతుంది, ఇంకో కుర్రాడు రావుని చివరి గడిలో పెడతాడు. వారం తిరిగేసరికి ఒకే మనిషి ముగ్గురవుతాడు. ఇంగ్లీషు స్పెల్లింగుల సంగతి సరేసరి. శ్రీనివాస్ అన్న పేరు ఎన్ని రకాలుగా రాస్తారో మీ ఫోన్లో కాంటాక్టులు వెతికితే మీకే తెలుస్తుంది. అందుకే మన దుకాణాల్లో మనిషికి గుర్తు పేరు కాకుండా ఫోన్ నంబరు కావాలి. పేరుకి ఒకటే గడి చాలు, అదీ తెలుగులో రాసుకునే వీలుండాలి. ఓపెన్ సోర్స్‌లో ఇది మార్చుకోవచ్చు. చాలావాటిలో కోడ్ ముట్టుకోనక్కర్లేకుండా సెట్టింగుల్లోనే కొత్త గడి పెట్టుకోవచ్చు, పాతది దాచేయొచ్చు.

చిరునామాలూ అంతే. వీధి, నగరం, రాష్ట్రం, పిన్ కోడ్ అని గళ్ళుంటాయి. మనకు కావలసింది గ్రామం, మండలం, జిల్లా, ఆపైన "రామాలయం వెనక సందు" అన్న గుర్తు. ఆ జిల్లాల జాబితా కూడా స్థిరంగా ఉండదు. తెలంగాణలో 2016 దసరాకి పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఎక్కడో కూర్చున్న కంపెనీ మీ జాబితా ఎప్పుడు సరిచేస్తుందా అని ఎదురుచూడకుండా, ఆ సాయంత్రమే మీరు మార్చేసుకోవచ్చు.

ఇప్పుడు కొంచెం చరిత్ర. ఓపెన్ సోర్స్ వల్ల కలిగే రక్షణ ఎలాంటిదో ఈ కథలో కనిపిస్తుంది.

2004లో కాలిఫోర్నియాలో షుగర్‌సీఆర్ఎం అనే సంస్థ మొదలైంది. సీఆర్ఎంని ఓపెన్ సోర్స్‌గా ఇస్తామంది. పదేళ్ళలోపే ప్రపంచమంతటా చిన్న సంస్థలు దాన్ని దించుకుని వాడుకున్నాయి. ఆ సంస్థ రెండు రకాలుగా అమ్మకం సాగించింది. కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం, అదనపు సదుపాయాలున్నది డబ్బుకి. 2013లో షుగర్ ఏడో వెర్షన్ వచ్చింది. అది డబ్బిచ్చేవాళ్ళకే. ఉచిత ఎడిషన్ ఆరున్నర దగ్గరే ఆగిపోయింది. 2018లో దానికి పూర్తిగా మంగళం పాడేశారు.

అద్దె సాఫ్ట్‌వేర్ అయితే కథ అక్కడితో సరి. కంపెనీ చెప్పిన ధర కట్టాలి, లేకపోతే ఖాళీ చేయాలి. ఇక్కడ అలా జరగలేదు. కోడ్ అప్పటికే జనం చేతుల్లో ఉంది. ఎవరైనా దాన్ని తీసుకుని కొనసాగించొచ్చని లైసెన్సులోనే రాసి ఉంది. స్కాట్లండ్‌లో స్టర్లింగ్ అనే ఊరు ఉంది. అక్కడి సేల్స్ఎజిలిటీ అనే సంస్థ, ఆ ఆరున్నర వెర్షన్ని పట్టుకుని, సూట్‌సీఆర్ఎం అని పేరుపెట్టి 2013 అక్టోబరులోనే విడుదల చేసింది. షుగర్ ఉచిత ఎడిషన్‌తో నడుస్తున్న వ్యాపారాలు తమ పాత వివరాలతో సహా అందులోకి మారాయి. సూట్‌సీఆర్ఎం ఇప్పటికీ నడుస్తోంది.

ఆ షుగర్ కోడ్‌లోంచి అంతకుముందే ఇంకో పాయ చీలింది. అది మన పక్కనే, చెన్నైలో. 2004లోనే అక్కడి అడ్వెంట్‌నెట్ సంస్థ వాళ్ళు వీటైగర్ అనే సీఆర్ఎం తెచ్చారు. షుగర్ వాళ్ళకు అప్పట్లో అది రుచించలేదు కూడా. అడ్వెంట్‌నెట్ పేరు 2009లో జోహో అయింది. ఇప్పుడు జోహో అమ్మే సీఆర్ఎం ఓపెన్ సోర్స్ కాదు, అదో చమత్కారం. వీటైగర్ వేరే సంస్థగా సాగుతోంది.

ఈ లైసెన్సుల్లో జీపీఎల్, ఏజీపీఎల్ అన్న పేర్లు తరచూ వినిపిస్తాయి. మొదటిది ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో రాసినది. ప్రోగ్రాం మార్చి ఇంకొకరికి ఇస్తే దాని కోడ్ కూడా ఇవ్వాలంటుంది. సీఆర్ఎం లాంటివాటిని ఎవరూ చేతికివ్వరు కదా, తమ సర్వర్లో ఉంచుకుని బ్రౌజర్లో చూపిస్తారు. అందుకని 2007 చివర్లో ఏజీపీఎల్ మూడో వెర్షన్ వచ్చింది. ఇంటర్నెట్ మీద వాడనిచ్చినా సరే, మార్చిన కోడ్‌ని వాడేవాళ్ళకు అందుబాటులో పెట్టాలంటుంది. సూట్‌సీఆర్ఎం ఈ లైసెన్సు కిందే ఉంది. దుకాణదారు దీన్ని బట్టీపట్టాల్సిన పనిలేదు. ఒప్పందం చేసుకునేటప్పుడు "ఇది ఏ లైసెన్సు?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. సమాధానం తడబడితే జాగ్రత్తపడాలి.

కోడ్ సంగతి అలా ఉంచితే, వివరాలు ఎవరి దగ్గర ఉంటాయన్నదీ ముఖ్యమే. మన పెద్దవాళ్ళకు కరణాలు గుర్తుండే ఉంటారు. ఊరి భూముల దస్త్రాలన్నీ కరణంగారింట్లో ఉండేవి. ఏ గట్టు ఎవరిదో ఆయన చెబితేనే తెలియాలి. తెలంగాణలో పట్వారీ. మంచివాళ్ళూ ఉన్నారు, కానివాళ్ళూ ఉన్నారు. ఆ పెత్తనం మాత్రం మనిషిది కాదు, దస్త్రానిది. అది ఎవరింట్లో ఉంటే వాళ్ళ మాటే చెల్లేది. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1984లో ఆ పదవులు రద్దుచేసినప్పుడు, దస్త్రాలు ఇళ్ళలోంచి బయటికి తేవడమే పెద్ద పని అయింది. ఖాతాదారుల వివరాలన్నీ ఒక కంపెనీ సర్వర్లో పెట్టి, నెలనెలా కట్టి, వాళ్ళు ధర పెంచితే మారుమాట్లాడకుండా పెంచి కట్టే వ్యాపారి పరిస్థితీ ఇంచుమించు అదే.

మన దేశంలోనే తయారైనవి కూడా ఉన్నాయి. ముంబైలో ఫ్రాపె అనే సంస్థ ఉంది. దాన్ని పెట్టిన రుషభ్ మెహతా కుటుంబానిది ఫర్నిచర్ వ్యాపారం. ఆ వ్యాపారానికి సాఫ్ట్‌వేర్ పెట్టించబోయి, కుదరక, చివరికి తనే రాసుకున్నాడు. అదే ఈఆర్‌పీనెక్స్ట్. కొనుగోళ్ళు, అమ్మకాలు, సరుకు నిల్వ అన్నీ ఉన్న పెద్ద సాఫ్ట్‌వేర్ అది, పూర్తిగా ఓపెన్ సోర్స్. షేర్ల బ్రోకరేజీ సంస్థ జెరోధా దాన్ని వాడుతోంది, 2020లో ఫ్రాపెలో పెట్టుబడి కూడా పెట్టింది. మన జీఎస్టీ లెక్కలకు ఇండియా కంప్లయన్స్ అని దానికి ప్రత్యేకమైన జోడింపు ఉంది, అదీ ఓపెన్ సోర్సే. ఇదంతా పెద్ద గొడవ, నాకు అడిగి వెళ్ళినవాళ్ళ లెక్క చాలు అనేవాళ్ళకు ఫ్రాపె సీఆర్ఎం అని విడిగా తెచ్చారు. తేలికైనది, చూపుకీ బాగుంటుంది. ఫోన్ కాల్స్‌ని, వాట్సాప్‌ని దానికి కలుపుకోవచ్చు. మన దగ్గర సగం వ్యాపారం వాట్సాప్‌లోనే నడుస్తుంది కాబట్టి ఇది చిన్న సంగతి కాదు.

బెల్జియం నుంచి ఓడూ ఉంది. 2005లో ఫేబియన్ పింకర్స్ అనే కుర్రాడు టైనీఈఆర్‌పీ అని మొదలుపెట్టాడు, 2014లో దానికి ఓడూ అని పేరు మారింది. మన దేశంలో దాన్ని పెట్టించే సంస్థలు చాలా ఉన్నాయి. సీఆర్ఎం భాగం ఉచిత ఎడిషన్లో ఉంది. అయితే ఇక్కడ కళ్ళు తెరిచి చూడాలి. 2015 నుంచి ఓడూ రెండుగా ఉంది, కమ్యూనిటీ ఒకటి, డబ్బుది ఒకటి. డెమోలో మీకు చూపించేది సాధారణంగా డబ్బుది. కోడ్ రాయకుండా గళ్ళు మార్చుకునే స్టూడియో లాంటివి అందులోనే ఉంటాయి. ఉచితమని విని వెళ్ళి, ఆర్నెల్లకి తలసరి అద్దె కడుతున్నవాళ్ళు కొత్తేమీ కాదు. అది మోసం కాదు, వాళ్ళ సైట్లో స్పష్టంగానే రాసి ఉంటుంది. చదవాల్సిన బాధ్యత మనది.

ఉక్రెయిన్ నుంచి వచ్చిన ఎస్పోసీఆర్ఎం కూడా చిన్న దుకాణాలకు సరిపోయేదే. మన దేశానికి చెందిన క్రాయిన్ అని ఇంకొకటుంది.

ఇన్నిట్లో ఏది మంచిదని అడిగితే నా సమాధానం మీకు వింతగా ఉండొచ్చు. సాఫ్ట్‌వేర్ పోలికలు చూసి ఎంచుకోవద్దు. మీ ఊళ్ళోనో, గంట ప్రయాణంలోనో దేన్ని బాగుచేయగల మనిషి దొరుకుతాడో దాన్ని ఎంచుకోండి. సూట్‌సీఆర్ఎం, ఎస్పో, వీటైగర్ పీహెచ్‌పీలో రాసినవి. వెబ్‌సైట్లు చేసే కుర్రాళ్ళలో పీహెచ్‌పీ తెలిసినవాళ్ళు చిన్న పట్టణాల్లో కూడా ఉన్నారు. ఫ్రాపె, ఓడూ పైథాన్లో ఉన్నాయి. పైథాన్ ఇప్పుడు కాలేజీ పిల్లలందరికీ కొంత వచ్చు, అయితే ఈ సాఫ్ట్‌వేర్ల లోతు తెలిసినవాళ్ళు ఎక్కువగా హైదరాబాద్‌లోనే దొరుకుతారు.

ఖర్చు దగ్గరికొద్దాం. సాఫ్ట్‌వేర్‌కి డబ్బులు లేవన్నారు కాబట్టి ఖర్చే లేదనుకుంటే పొరపాటు. చిన్న సర్వర్ అద్దె నెలకు వందల్లో మొదలై వేలల్లోకి వెళ్తుంది. మీ గళ్ళు, మీ దశలు, మీ కొటేషన్ నమూనా పెట్టించడానికి ఒకసారి మజూరీ. తర్వాత ఏడాదిలో కొన్నిసార్లు కొత్త వెర్షన్లు ఎక్కించాలి. అది చేయకపోతే భద్రత లోపాలు అలాగే ఉండిపోయి, ఏ దొంగో దూరతాడు. తలల లెక్కన అద్దె లేకపోవడం వల్ల పదిమంది వాడే దుకాణానికి ఇది చవక పడుతుంది. ఇద్దరే వాడితే, నిజం చెప్పాలంటే, అద్దెదే చవక పడొచ్చు. ఓపెన్ సోర్స్ మీద ఎంత మోజున్నా ఈ కూడిక కాగితం మీద వేసుకోకుండా దిగకూడదు.

ఖర్చుకంటే పెద్ద చిక్కు ఒకటుంది. అది పాస్‌వర్డ్. చాలా దుకాణాల్లో ఏం జరుగుతుందంటే, సాఫ్ట్‌వేర్ పెట్టిచ్చిన కుర్రాడి పేరు మీదే సర్వర్ ఉంటుంది, డొమైన్ పేరూ అతని ఈమెయిల్ మీదే ఉంటుంది, అడ్మిన్ పాస్‌వర్డ్ అతనికే తెలుసు. రెండేళ్ళకి అతనికి బెంగళూరులో ఉద్యోగం వస్తుంది. ఫోన్ నంబరు మారుతుంది. సర్వర్ అద్దె కట్టమని వచ్చే ఈమెయిళ్ళు అతను చూడడు. ఒక ఉదయం సీఆర్ఎం తెరుచుకోదు. కోడ్ ప్రపంచానికంతటికీ ఓపెన్, యజమానికి మాత్రం క్లోజ్. లైసెన్సులో ఎన్ని హక్కులు రాసి ఉన్నా తాళంచెవి మీ దగ్గర లేకపోతే అవేవీ పనిచేయవు. డొమైన్, సర్వర్ రెండూ యజమాని పేరు మీద, యజమాని కార్డు మీద ఉండాలి. ప్రతి రాత్రీ ఒక బ్యాకప్ వేరేచోటికి వెళ్ళాలి. ఆ బ్యాకప్‌లోంచి తిరిగి నిలబెట్టి చూపించమని ఏడాదికి ఒకసారైనా అడగాలి. బ్యాకప్ ఉందన్న మాట వేరు, అది తెరుచుకోవడం వేరు.

చట్టం కూడా ఒకటి వచ్చింది. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టానికి 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం లభించింది. జనం వివరాలు తీసుకున్నవాళ్ళు వాటిని కాపాడాలి, ఏ పనికి తీసుకున్నారో ఆ పనికే వాడాలి. కాపాడటంలో విఫలమైతే జరిమానా 250 కోట్ల దాకా వేయొచ్చని చట్టంలో ఉంది. చిన్న దుకాణానికి అంత వేస్తారని కాదు. సోలార్ దుకాణం దగ్గర ఆధార్ కాపీలుంటాయి, కరెంటు బిల్లులుంటాయి, బ్యాంకు పాస్‌బుక్ ఫొటోలుంటాయి. ఇవన్నీ కుర్రాళ్ళ సెల్‌ఫోన్ గ్యాలరీల్లో, వాళ్ళ పిల్లల ఫొటోల మధ్య ఉండటం బాగుండదు. పని అయిపోయాక అవసరం లేనివి తీసేయడమే అన్నిటికంటే మంచి భద్రత. ఖాతాదారులకు గంపగుత్తగా ఎస్సెమ్మెస్‌లు పంపాలన్నా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం మీ సంస్థ పేరు, పంపే సందేశం నమూనా ముందుగా నమోదు చేయించుకోవాలి. సీఆర్ఎంలో బటన్ ఉంది కదా అని నొక్కేస్తే సందేశాలు పోవు.

ఇంతా చేసి దుకాణంలో ఎవరూ రాయకపోతే? తరచూ జరిగేది అదే. మొదటి వారం అందరూ ఉత్సాహంగా రాస్తారు. రెండో వారం కుర్రాళ్ళు "ఫీల్డులో ఉన్నాం సార్, సిగ్నల్ లేదు" అంటారు. నెల తిరిగేసరికి ఆఫీసు అమ్మాయి ఒక్కర్తే రాస్తుంటుంది. దీనికి సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు. గళ్ళు తగ్గించాలి. ఫోన్ నంబరు, ఊరు, ఏం అడిగారు, మళ్ళీ ఎప్పుడు మాట్లాడాలి. ఈ నాలుగు చాలు. ఇరవై గళ్ళు పెట్టి, అన్నీ తప్పనిసరి చేసే యజమానికి అబద్ధాలతో నిండిన పుస్తకం దక్కుతుంది. ఇంకోటి, యజమాని స్వయంగా ప్రొద్దున్నే అదే తెర చూసి "నిన్న అమలాపురం కేసు ఏమైందమ్మా" అని అడగాలి. ఆయన అడిగేది వాట్సాప్ గ్రూపులోనైతే, సిబ్బందీ వాట్సాప్‌లోనే రాస్తారు.

నెలకు ఇరవై ఎంక్వయిరీలు కూడా రాని వ్యాపారానికి నేనైతే నోటుపుస్తకమే చాలంటాను. తేదీల వారీగా ఒక డైరీ, దాన్ని రోజూ తెరిచే మనిషి ఉంటే అదే సీఆర్ఎం. పుస్తకం చాలక, ఇద్దరు ముగ్గురు ఒకేసారి అందులో రాయాల్సి వచ్చినప్పుడు ఓపెన్ సోర్స్ వైపు చూడండి. అప్పుడు కూడా పెట్టించేవాళ్ళని మొదటిరోజే అడగండి: "రేపు నేను దీన్ని మానేస్తే నా ఖాతాదారుల వివరాలన్నీ ఒక ఫైల్లో ఎలా తీసుకోవాలో ఇప్పుడు చేసి చూపించండి." చూపించినవాళ్ళకే పని ఇవ్వండి.

ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆఖరి ఏడు చదువుతున్న పిల్లలు ఈ ప్రసంగం వింటుంటే, మీకో మాట. ఈ సాఫ్ట్‌వేర్లలో తెర మీద మాటలన్నీ అనువాద ఫైళ్ళలో ఉంటాయి, వాటిని ఎవరైనా తెలుగు చేయొచ్చు. చేసినది తిరిగి అసలు ప్రాజెక్టుకి పంపితే తెలుగు చదివే ప్రతి దుకాణానికీ అందుతుంది. తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ అనే సంస్థ పనిచేస్తోంది, తోడు కావాలంటే వాళ్ళున్నారు. కాలేజీ ప్రాజెక్టు రిపోర్టు బయట కొనుక్కొచ్చే బదులు, మీ ఊళ్ళో ఒక మోటార్ల షాపుకో, సోలార్ దుకాణానికో ఫ్రాపె సీఆర్ఎమ్మో సూట్‌సీఆర్ఎమ్మో పెట్టివ్వండి. వాళ్ళ గళ్ళు వాళ్ళకు తగ్గట్టు మార్చండి, తెలుగులో చూపించండి. వచ్చేముందు అడ్మిన్ పాస్‌వర్డ్ యజమాని చేత మార్పించి మరీ రండి.